పటాటోపం అనే మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

పెళ్లి ఘనంగా చేస్తే పటాటోపం, ఇంటికి మంచి గేటు పెట్టిస్తే పటాటోపం, కొత్త కారు కొన్నా పటాటోపమే. దొరికిన చోటల్లా ఇలా వాడేస్తుంటే నాకు చిరాకు, ఎందుకంటే ఈ మాటలో ఒక పాము ఉంది.

సంస్కృతంలో ఇది ఫటాటోపం. ఫటా అంటే పాము పడగ, ఆటోపం అంటే ఉబ్బడం, పొంగడం. తెలుగు నోట్లో ఒత్తు పోయింది కాబట్టి 'ప' అనే రాయండి, తప్పేం లేదు. పటం అంటే బట్ట కదా, పట్టుబట్టల హంగు కాబోలు అనుకోకండి. పంచతంత్రంలో ఒక శ్లోకం ఉంది: విషం లేని పామైనా పడగ మాత్రం పెద్దగా విప్పాలి, విషం ఉండనీ లేకపోనీ 'ఫటాటోపో భయంకరః', ఆ పడగ చూస్తేనే జడుసుకుంటారు అని. అక్కడది బలం లేనివాడికి చెప్పిన ఉపాయం, మనమేమో ఎగతాళికి వాడుకుంటున్నాం.

అందుకే అనే ముందు ఒక్కటి చూసుకోండి, లోపల విషం ఉందా? ఉంటే పటాటోపం కాదు. ఉన్నవాడు ఊరందరికీ కడుపునిండా పెట్టి పెళ్లి చేస్తే అది ఘనం, మరీ ఎక్కువైతే ఆడంబరం. మొన్న ఓ ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. గేటు దగ్గర్నుంచీ ఫ్లెక్సీలు, అమ్మాయి నడిచొస్తుంటే పొగ మిషన్, నెత్తిమీద గుయ్యిమంటూ డ్రోన్. తీరా రెండో బంతికి పెరుగు లేదు, మూడో బంతిలో పక్కనున్న పెద్దాయన విస్తట్లో సాంబారు పేరుతో పసుపు నీళ్లు పోసి 'సర్దుకోండి బాబాయ్' అన్నారు. పటాటోపం అంటే ఇదీ. పైన పటారం లోన లొటారం అన్న సామెత కూడా ఇలాంటి చోటే అతుకుతుంది.

ఆడంబరం వేరు. సంస్కృతంలో ఆడంబరం ఒక రకం భేరి, అంటే దాని మూలం చప్పుడులో ఉంది. మనిషి నడకలో, మాటలో కనిపించేది డాబు. చీర రంగులు కళ్లలో పొడుస్తుంటే గాడీగా ఉందంటాం గానీ 'పటాటోపమైన చీర' అని ఎవరూ అనరు. 'పటాటోపానికి పోయి అప్పులపాలయ్యాడు' అనండి, చక్కగా ఉంటుంది.

ఇంకోటి, ఇది మొహం మీద అనే మాట కాదు. ఆ ఫంక్షన్‌లో నేనూ 'బాగా చేశారండీ' అనే చెప్పాను, పటాటోపం అన్నది తిరిగొచ్చేటప్పుడు ఆటోలో.