మిక్స్ గదిలో బాగుంది, బయట తేలిపోయింది: స్టూడియో మానిటర్ల సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లో చేసిన మిక్స్ (గొంతు, వాద్యాల పాళ్లు సరిచూసి కలిపిన పాట) బయట కుదరకపోతే చాలామంది ముందు స్టూడియో మానిటర్లనే, అంటే మిక్సింగ్‌కి వాడే స్పీకర్లనే అనుమానిస్తారు. ఐదంగుళాల కోన్ ఉన్నవి అమ్మేసి ఎనిమిదంగుళాలవి తెచ్చుకుంటారు. సమస్య తగ్గదు సరికదా, ఒక్కోసారి పెరుగుతుంది. అందుకే కింద ప్రతి సమస్యకీ ఖర్చు లేని పరీక్షే ముందు చెప్పాను.

సమస్య: కుర్చీలో వింటే బేస్ సరిగ్గా ఉంది, కారులో పెడితే అద్దాలు అదురుతున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ గదే. మన అపార్ట్‌మెంట్లలో చిన్న బెడ్‌రూమ్ అంటే పదికి పది అడుగులు, శ్లాబు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, కింద టైల్స్. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు చూపించే జిప్సమ్ బోర్డు గోడలు కొంత బేస్‌ని బయటికి వదిలేస్తాయి. మన గోడలు వదలవు, తిప్పికొడతాయి. అలా గోడల మధ్య తిరిగే శబ్దం కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర గదిలో ఒకచోట పెరిగిపోయి, ఇంకోచోట మాయమవుతుంది.

ఏ ఫ్రీక్వెన్సీ అన్నది తేలిక లెక్కే. 565ని గది పొడవుతో (అడుగుల్లో) భాగించండి. పదడుగులకి సుమారు 56 హెర్ట్జ్, పన్నెండుకి 47. కిక్ డ్రమ్‌కి బరువు వచ్చేది ఈ చుట్టుపక్కలే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదే అయితే మూడూ కలిసి అదే 56 మీద పడతాయి. మానిటర్లకి ఇలా అన్ని కొలతలూ సమానంగా ఉన్న గది అన్నిటికన్నా చెడ్డది. ఇంట్లో ఇంకో గది ఖాళీ ఉంటే ముందు అక్కడికి మారండి.

పరీక్ష: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టోన్ జనరేటర్‌తో 56 హెర్ట్జ్ టోన్ (లేదా పై లెక్కలో మీ గదికి వచ్చిన అంకె) చిన్నగా మోగించండి. గది మధ్య నుంచి మెల్లగా వెనక గోడ వైపు నడవండి. మధ్యలో సన్నగా ఉన్న శబ్దం గోడ దగ్గరికి వచ్చేసరికి చెవుల్ని నింపేస్తుంది, మీరు వాల్యూమ్ ముట్టుకోకపోయినా సరే. మధ్యలో కూర్చుని మిక్స్ చేసేవాళ్లు వినపడని బేస్ కోసం ఫేడర్ (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ట్రాక్ వాల్యూమ్ మార్చే మీట) పెంచుతారు, అదంతా కారులో బయటపడుతుంది. వెనక గోడకి ఆనుకుని చేసేవాళ్లకి ఇది తిరగబడుతుంది: అనవసరంగా బేస్ కోసేస్తారు, బయట పాట పల్చబడుతుంది.

పరిష్కారం: మీకు ఎదురుగా, స్పీకర్ల వెనక ఉండే గోడ నుంచి గది పొడవులో 38 శాతం దగ్గర కుర్చీ వేయండి. పదడుగుల గదిలో అది నాలుగడుగులకి కాస్త తక్కువ. అక్కడి నుంచి జానెడు ముందుకీ వెనక్కీ జరుగుతూ, బేస్ లైన్‌లో ఏ స్వరమూ ఉబ్బకుండా, పడిపోకుండా వినిపించే చోట నేల మీద టేప్ అంటించుకోండి. స్పీకర్లని మాత్రం ఆ ఎదురు గోడకి నాలుగైదు అంగుళాల దూరంలోనే ఉంచండి. స్పీకర్ ముఖం గోడకి రెండు మూడడుగుల దూరంలో ఉంటే, ఆ గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం 95 - 140 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట అసలు శబ్దాన్ని రద్దు చేస్తుంది. రద్దయినదాన్ని ఏ ఈక్వలైజరూ వెనక్కి తేలేదు. గోడకి దగ్గర పెడితే పెరిగే బేస్‌ని తగ్గించడం సులువు. యమహా హెచ్‌ఎస్5 లాంటి వాటికి వెనక రూమ్ కంట్రోల్ స్విచ్ ఉంటుంది, 500 హెర్ట్జ్ కింద 2 లేదా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. పోర్టు (బేస్ కోసం స్పీకర్ పెట్టెకి పెట్టే రంధ్రం) ముందుంటే గోడ సమస్య ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు, నమ్మకండి. పోర్టు ఎటున్నా బేస్ అన్ని వైపులకీ పోతుంది.

మూలల్లో నాలుగంగుళాల మందానికి తగ్గని రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) ప్యానెళ్లు నిలబెడితే ఇంకా మెరుగు. గుడ్ల ట్రేలు అంటించి లాభం లేదు. అంగుళం ఫోమ్ కూడా పై ఫ్రీక్వెన్సీలనే పీల్చుకుంటుంది. దాంతో గది మందంగా వినిపిస్తుంది, బేస్ ఎక్కడిదక్కడే.

ఇంతా చూశాక సైజు సంగతి. ఎనిమిదంగుళాల హెచ్‌ఎస్8 కింద 38 హెర్ట్జ్ దాకా దిగుతుంది, ఐదంగుళాల హెచ్‌ఎస్5 54 దాకా. పదికి పది గదిలో ఆ అదనపు బేస్ వల్ల గోడలకి పని పెరుగుతుంది తప్ప మీకు స్పష్టత పెరగదు. నా ఓటు ఐదంగుళాలకే. 50 కింద ఏం జరుగుతోందో హెడ్‌ఫోన్స్‌లో చూసుకోవచ్చు.

సమస్య: గొంతు మధ్యలో కాకుండా ఒక పక్కకి లాగుతోంది

ఎడమ, కుడి కేబుళ్లని స్పీకర్ల దగ్గర ఒకదానికొకటి మార్చండి. గొంతు రెండో పక్కకి వెళ్లిందా, తప్పు కేబుల్‌దో ఇంటర్ఫేస్‌దో (కంప్యూటర్‌కీ స్పీకర్లకీ మధ్య ఉండే ఆడియో పెట్టె). అక్కడే ఉండిపోయిందా, స్పీకర్ల వాల్యూమ్ నాబ్‌లు రెండూ ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. అవీ సరిగ్గా ఉంటే గదే: ఒక పక్క కిటికీ, ఇంకో పక్క బట్టల బీరువా ఉన్నచోట ఇది మామూలే. కిటికీకి మందపాటి కర్టెన్ వేసి, రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజంలా ఉండేట్టు, ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండేట్టు సర్దండి.

సమస్య: హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వస్తోంది

కేబుల్‌ని స్పీకర్ నుంచి తీసేయండి. హమ్ ఆగితే అది స్పీకర్‌ది కాదు, దానికి ముందున్న పరికరాల నుంచి వస్తోంది. మళ్లీ తగిలించి లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. చాలా ఇళ్లలో అక్కడే ఆగుతుంది, అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగలు ఒకటికి మించిన దారుల్లో కలిసి వచ్చే రొద. లాప్‌టాప్, ఇంటర్ఫేస్, స్పీకర్లు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి, మామూలు కేబుళ్ల బదులు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు (దారిలో చేరే రొదని రద్దు చేసేవి) వాడండి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడల్లా గరగర మారుతుంటే దోషి ఆ రెగ్యులేటరే. ఎవరైనా ఎర్త్ పిన్ను విరిచేయమంటే వినకండి. హమ్ పోవచ్చు, షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది. ఇంటికి ఎర్తింగ్ లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సమస్య: కొత్త మానిటర్లలో ఇష్టమైన పాటలు చప్పగా ఉన్నాయి

ఇది లోపం కాదు. హోమ్ థియేటర్ బేస్‌కి అలవాటైన చెవికి మొదట అలాగే ఉంటుంది. 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-10కి బేస్ తక్కువ, వినడానికి ఏమంత హాయిగా ఉండదు, అయినా ఏళ్ల తరబడి స్టూడియోల్లో దాని మీదే మిక్సులు చేశారు. బాగా తెలిసిన నాలుగైదు పాటలు రోజూ మీ కొత్త మానిటర్లలోనే వినండి, టెన్షన్ పడకండి.

షాపులో ఎంచుకునేటప్పుడు మాత్రం రెండు జతల వాల్యూమ్ సమానం చేయించి వినండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా అదే మెరుగనిపిస్తుంది. గొంతు వెనక సన్నగా ఉన్న వీణో, రివర్బ్ (ప్రతిధ్వని) తోకో ఏ జతలో ముందుగా దొరికితే దాన్ని తీసుకోండి. తిరిగిచ్చే వీలుందో లేదో బిల్లు వేయకముందే అడగండి, ఎందుకంటే ఆ జత మీ గదిలో ఎలా మోగుతుందో షాపులో తెలియదు.