కుక్క గుర్రుమంటే తిట్టకండి
మిశ్రమ జాతి కుక్కలో కాపలా బుద్ధి ఎంత ఉందో రూపం చూసి చెప్పలేం. చాలా కుక్కల్లో అది ఏడాది నుంచి మూడేళ్ల వయసు మధ్య బయటపడుతుంది. అప్పటిదాకా అందరికీ తోక ఊపిన కుక్కే పిల్లలకు అడ్డంగా నిలబడి కొత్తవాళ్లను చూసి గుర్రుమంటుంది. దాని వెనక చాలాసార్లు భయమే ఉంటుంది. దయచేసి కొట్టకండి, అరవకండి. గుర్రుమనడం హెచ్చరిక; అది మానేసిన కుక్క నేరుగా కరవచ్చు, అసలు ప్రమాదం అక్కడే.

అతిథులు వచ్చేముందే లీష్ వేసి కాస్త దూరంగా ఉంచండి. వాళ్లను చూసి కూడా నెమ్మదిగా ఉన్న ప్రతిసారీ వెంటనే ట్రీట్ ఇవ్వండి. వాళ్లు దాని కళ్లలోకి చూడకూడదు, తల నిమరకూడదు. దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది కుక్కకే వదిలేయండి. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే మాత్రం ఎక్కడైనా నొప్పి ఉందేమో, ముందు పశువైద్యుడికి చూపించండి.