విమానం దిగేటప్పుడు ఊరు కనబడాలంటే ఏ కిటికీ సీటు తీసుకోవాలి?

"వైజాగ్ వెళ్తున్నా, ఎడమవైపు తీసుకోనా, కుడివైపా?" అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది "ఏ నెలలో?" అని. సముద్రం ఉన్నచోటే ఉంటుంది కదా, నెలతో పనేమిటి అన్నట్టు చూస్తారు. సముద్రం కదలదు, నిజమే. కానీ విమానం వచ్చే దారి మారుతుంది. "ఫలానా ఊరికి ఎడమవైపు బెస్ట్" అంటూ ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలు ఈ ఒక్క సంగతిని వదిలేసి రాసినవే. వాటిని నమ్మి అదనంగా డబ్బు కట్టి సీటు కొనుక్కుని, తీరా దిగేటప్పుడు అవతలి వరుసవాళ్ల భుజాల మీదుగా మెడలు సాచేవాళ్లు ప్రతి విమానంలోనూ కనిపిస్తారు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. టికెట్ మీద ఉన్న ఫ్లైట్ నంబరు, దిగబోయే ఊరి మ్యాప్, విమానాలు వచ్చిన దారిని మ్యాప్ మీద గీతగా చూపించే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్ ఒకటి. ఉచితంగా వచ్చేది చాలు.

1. అక్షరం

విమానం ముక్కు వైపు ముఖం పెట్టి కూర్చుంటే 'ఏ' (A) అక్షరం సీటు ఎడమ కిటికీ. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737ల్లో ఎఫ్ సీటు కుడి కిటికీ. ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్‌లో నడవకు అటు రెండు, ఇటు రెండే సీట్లున్నా కిటికీ అక్షరాలు అవే. పెద్ద విమానాల్లో కుడి కిటికీ కె గానీ ఎల్ గానీ అవుతుంది. సీట్ మ్యాప్‌లో ముక్కు ఎటు ఉందో చూసి నొక్కండి. ఫోన్‌ని అడ్డంగా తిప్పి చూసి, ఎడమకు బదులు కుడి కొనేవాళ్లు కూడా ఉన్నారు.

2. వరుస

రెక్కకు ముందు కూర్చోవాలి. ఇందులో రెండో మాట లేదు. 320లో నాలుగు నుంచి ఏడో వరుస దాకా నేల బాగా కనిపిస్తుంది. పది దాటాక చాలా వరుసల దాకా కిందకి చూసినప్పుడల్లా రెక్కే. వెనక వరుసలు చౌక, పైగా ఫోటోలో రెక్క కూడా పడుతుంది అనేవాళ్లున్నారు. రెక్కను చూడడానికైతే విమానం ఎక్కడం ఎందుకు? అదీగాక వెనక కూర్చుంటే ఇంజిన్ లోంచి వచ్చే వేడిగాలి మీ చూపుకు అడ్డంగా పోతుంటుంది. దాని వెనక ఉన్న ఇళ్లూ చెట్లూ నీళ్లలో చూసినట్టు వణుకుతాయి.

ఏటీఆర్‌లో ఈ గొడవ లేదు. రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా నేల కనిపిస్తుంది. ఇంజిన్ పక్క వరుసలు తప్పించుకుంటే చాలు. చిన్న విమానమని ముఖం చిట్లించేవాళ్లకు ఈ సుఖం తెలియదు.

737తో ఒక జాగ్రత్త. రెక్కకు కాస్త ముందు, ఏసీ గొట్టాలు గోడలోంచి పైకి వెళ్లేచోట, కిటికీ ఉండాల్సిన దగ్గర ఉత్త గోడ ఉంటుంది. సీట్ మ్యాప్‌లో మాత్రం దాన్ని కూడా విండో సీటుగానే చూపిస్తారు. పదీ పదకొండు వరుసల దగ్గర కొనేముందు ఆ విమానం లోపలి ఫోటోలు ఒకసారి వెతికి చూడండి.

3. విమానం ఎటునుంచి వచ్చి దిగుతుంది?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

విమానం ఎదురుగాలికి దిగుతుంది. రన్‌వే ఒకటే అయినా దానికి రెండు కొసలుంటాయి, ఏ కొస నుంచి దిగాలన్నది గాలిని బట్టి ఉంటుంది. ఒక్కో కొసకు ఒక్కో నంబరు. ఆ నంబరు పక్కన సున్నా పెడితే దిక్సూచి డిగ్రీలు వస్తాయి. శంషాబాద్‌లో 09, 27 ఉన్నాయి. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు. 27 అంటే 270, పడమర. అక్కడ ఒకదాని పక్కన ఒకటి రెండు రన్‌వేలు ఉండడంతో ఎల్, ఆర్ అని తోకలు తగిలించారు. మనకు వాటితో పని లేదు.

ఇప్పుడు అసలు మెలిక. ఆ నంబరు చెప్పేది దిగేటప్పుడు విమానం ముఖం ఎటుంటుందో. ఎటునుంచి వస్తుందో కాదు. 27లో దిగే విమానం పడమర నుంచి రాదు, తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతుంది. దీన్ని తలకిందులు చేసుకుంటే ఎడమ కాస్తా కుడి అవుతుంది, మీ డబ్బు పోతుంది. నోటితో అనుకుంటే కుదరదు. మ్యాప్ మీద వేలు పెట్టి, విమానం వచ్చే దారిలో జరుపుతూ, మీరు ఆ వేలి గోరు మీద కూర్చున్నట్టు ఊహించుకోండి. అప్పుడు కుడి చెయ్యి ఎటుందో చూడండి.

గాలి సంగతీ అంతే. పడమటి గాలి అంటే పడమర నుంచి వీచేది. యాప్‌లో 270 అని కనిపిస్తే గాలి అటునుంచి వస్తోందని. దానికి ఎదురు వెళ్లాలంటే విమానం ముఖం పడమరకు ఉండాలి, అంటే 27. గాలి అంకె, రన్‌వే అంకె దగ్గర దగ్గరగా ఉంటే లెక్క సరిపోయినట్టు.

శంషాబాద్‌నే తీసుకోండి. నగరం ఉన్నది విమానాశ్రయానికి ఉత్తరాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలులు కాబట్టి ఎక్కువగా 27లో దింపుతారు. ముఖం పడమరకు ఉంటే ఉత్తరం కుడిచేతి వైపు. ఎఫ్ తీసుకోండి, రాత్రిపూట ఊరి దీపాలన్నీ మీవే. చలికాలంలో తూర్పు గాలి తిరిగి 09లో దిగితే అంతా తారుమారు. నగరం ఎడమకు వస్తుంది, దానికి ముందు హిమాయత్ సాగర్, దాని వెనక దూరంగా గండిపేట కూడా ఎడమవైపే. ఊరు అదే, విమానాశ్రయం అదే. జులైలో ఎఫ్, జనవరిలో ఏ. "హైదరాబాద్‌కు కుడివైపు" అని కళ్లు మూసుకుని చెప్పే వాళ్ల మాట సగం ఏడాదే చెల్లుతుంది.

గాలి లేనప్పుడు, ముఖ్యంగా తెల్లవారుజామున, ఏది వీలైతే దాంట్లో దింపుతారు. అందుకే గాలి లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. యాప్‌లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి, గత కొద్ది రోజులుగా అదే విమానం ఎలా దిగిందో గీత చూడండి. నాలుగు రోజులు వరసగా ఒకేవైపు నుంచి దిగి, వాతావరణం కూడా అలాగే ఉంటే అయిదో రోజూ దాదాపు అంతే. అయితే అదే వేళకు వచ్చే విమానాన్నే చూడాలి. తీరంలో పొద్దున ఒక గాలి, మధ్యాహ్నం సముద్రం మీంచి ఇంకో గాలి. ఉదయం ఫ్లైట్ గీత చూసి సాయంత్రం ఫ్లైట్‌కి సీటు కొంటే ఫలితం మీ అదృష్టం.

4. ఎటు తిరుగుతుంది?

ఇది మూడో మెట్టుకు తోక. ఇది తెలియక, లెక్క సరిగ్గా వేసినవాళ్లు కూడా మంచి దృశ్యాన్ని సగమే చూస్తారు.

హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లే విమానం పడమర నుంచి వస్తుంది. అక్కడి రన్‌వే 28 కొసలో దిగాలంటే పడమటి ముఖంగా దిగాలి కాబట్టి, ఊరు దాటి సముద్రం మీదకు పోయి, అక్కడ వెనక్కి తిరిగి రావాలి. ఆ తిరిగేటప్పుడు విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు కిటికీలో కిందనున్న నీళ్లు, పడవలు నిండిపోతాయి. అవతలి కిటికీలో ఉత్త ఆకాశం. కుడికి తిరిగితే కుడి కిటికీ, ఎడమకు తిరిగితే ఎడమ కిటికీ. ఇంకో లాభం కూడా ఉంది. విమానం ఊరికి ఉత్తరంగా సాగి కుడికి తిరిగితే, వెళ్లేటప్పుడూ ఊరు కుడివైపే ఉంటుంది, తిరిగేటప్పుడూ కుడివైపే. అదే దక్షిణంగా సాగి ఎడమకు తిరిగితే అంతా ఎడమ. కాబట్టి గీతలో ఆ ఆఖరి మలుపు ఎటుందో చూసి, ఆ వైపే తీసుకోండి.

మలుపు తర్వాత, తిన్నగా వచ్చేటప్పుడు వైజాగ్‌లో రెండు వైపులా విందే. తీరం దాటేసరికి విమానం నాలుగైదు వందల మీటర్ల ఎత్తుకు దిగిపోయి ఉంటుంది. ఎడమవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి, దాని పక్కనే ఓడలు లోపలికి వచ్చే సన్నటి కాలువ, హార్బర్. కుడివైపు ఆర్కే బీచ్, బారులు తీరిన అపార్ట్‌మెంట్లు, దూరంగా కైలాసగిరి. నన్నడిగితే ఎడమవైపే. బీచ్‌ని ఆటో ఎక్కి వెళ్లి చూడొచ్చు, హార్బర్ నోరు పైనుంచి అలా మరోచోట కనబడదు. మలుపు కుడికి ఉన్న రోజున మాత్రం ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

అవతలి కొస 10లో దిగితే సముద్రం దాకా పోరు. పడమర నుంచి నేల మీదుగానే దించేస్తారు. అప్పుడు ఎడమవైపు సింహాచలం కొండ, కుడివైపు స్టీల్ ప్లాంట్ దిక్కు. సముద్రం కోసమే సీటు కొన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ, గాలిని తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు. భోగాపురం కొత్త విమానాశ్రయానికి వెళ్లే విమానమైతే ఈ లెక్కేదీ పనికిరాదు, కొత్త రన్‌వే నంబర్లతో మొదటినుంచి వేసుకోవాలి.

రాజమండ్రిది ఇంకో రకం. మధురపూడి రన్‌వే 05, 23. నైరుతి నుంచి వచ్చి 05లో దిగితే గోదావరి మీదుగానే వస్తారు, వంతెనలన్నీ కుడివైపు ఉంటాయి. 23లో దిగితే ఆఖర్న గోదావరి ఎదురుగా ఉంటుంది, ఎదురుగా ఉన్నది పైలట్‌కి తప్ప ఎవరికీ కనబడదు. హైదరాబాద్ నుంచి వెళ్తుంటే ఆ కొసకు పోవడానికి ముందే విమానం ఒకసారి నది దాటుతుంది కాబట్టి, అప్పుడే కళ్లు తెరుచుకుని ఉండాలి. ముంబైలో 27లో దిగితే కుడివైపు పొవాయ్ చెరువు. ఇలా మీ ఊరికి మీరే వేసుకోండి, పద్ధతి ఒకటే.

5. ఎండ

దక్షిణం వైపు కిటికీలో, ముఖ్యంగా చలికాలం పట్టపగలు, ఎండ మొహాన కొడుతుంది. రెండు వైపులా సమానంగా ఉంటే ఉత్తరం వైపు తీసుకోండి. అంతే.

6. సీటు పట్టాక

కిటికీలు సీట్లకు తగ్గట్టు అమర్చి ఉండవు. ఒక్కోసారి కిటికీ మీ భుజం వెనక పడుతుంది. అప్పుడు సీటు నిటారుగా పెట్టి కాస్త వెనక్కి వాలి చూడాలి, దిగేముందు ఎలాగూ నిటారుగా పెట్టమంటారు. అద్దం లోపలి వైపు జిడ్డు మరకలుంటే మెత్తని గుడ్డతో తుడవండి, టిష్యూ పేపర్‌తో రుద్దితే గీతలు పడతాయి. కింద కనిపించే చిన్న బెజ్జం లోపమేమీ కాదు, అది ఉండాల్సిందే. దాని చుట్టూ మంచు పట్టినా కిందికి దిగాక కరుగుతుంది.

"బాబూ, మా అమ్మాయి పక్కన కూర్చుంటాను, కొంచెం మారతారా?" అని అడిగేవాళ్లు వస్తారు. అటువైపు కూడా రెక్కకు ముందు కిటికీ సీటే ఇస్తుంటే ఎటు దిగుతున్నామో లెక్క చూసి చెప్పండి. మధ్య సీటు ఇస్తామంటే "లేదండీ" అనడంలో తప్పేమీ లేదు. చంటిపిల్లలున్నారంటే మాత్రం ఇచ్చేయండి.

ఫోటో తీయాలంటే ఫోన్‌ని అద్దానికి ఆనించకుండా, వేలెడు దూరంలో పట్టుకోండి. ఆనిస్తే విమానం వణుకంతా బొమ్మలోకి వస్తుంది, మరీ దూరం పెడితే అద్దం మీద గీతల మీదే ఫోకస్ నిలబడుతుంది. వైజాగ్‌లో మాత్రం ఫోన్ జేబులో పెట్టేయండి. అది నౌకాదళం విమానాశ్రయం, ఫోటోలు తీయొద్దని సిబ్బంది చెబుతారు. చెప్పాక కూడా తీసేవాళ్లతో మీ పక్క సీటులో వాదన పెట్టుకోకండి, ఆ రెండు నిమిషాల్లోనే హార్బర్ దాటిపోతుంది.