కూచిపూడి తొలి అడుగులు – 3వ పాఠం: చున్నీ ముడి, గుమ్మం దగ్గర మర్యాద

పోయిన పాఠంలో అరమండి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ, మొదలుపెట్టాం. గోడకు వీపు ఆనించి, మడమలు కలిపి, మోకాళ్లు పక్కలకు తెరిచి, ఇరవై లెక్కపెట్టేదాకా కదలొద్దన్నాను. చేసినవాళ్లకు తొడలు ఇంకా పట్టేసే ఉంటాయి. ఇవాళ కాళ్లకు సెలవు. క్లాసుకు ఏం వేసుకెళ్లాలి, అక్కడ ఎలా మెలగాలి అన్నదే పాఠం. దీన్ని పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి చదవండి, ఎందుకంటే మధ్యలో చున్నీ కట్టడానికి ఇంకో జత చేతులు కావాలి.

డాన్స్ క్లాసు నియమాలు చెప్పుకుంటూపోతే చాంతాడంత. పిల్లలతో అవన్నీ బట్టీ పట్టించకండి. దానికంటే, గురువుగారు కూర్చునే చోట మీరు కూర్చున్నట్టు ఊహించుకోండి. ఎదురుగా పదిహేను మంది పిల్లలు. ఆవిడ నోటితో ‘తకధిమి’ అంటూ, కర్రతో పలక మీద తాళం కొడుతూ, కళ్లతో ముప్ఫై మోకాళ్లు చూసుకోవాలి. మోకాలిని బట్ట దాచేస్తే అరమండి ఎంత దిగిందో ఆవిడకు కనబడదు. కాలి పట్టీలు గలగలలాడుతుంటే అడుగు తాళంలో పడిందో లేదో వినబడదు. సగం నియమాలు ఇక్కడి నుంచే పుట్టాయి. కారణం తెలిసిన పిల్లకు నియమం గుర్తుచేయాల్సిన పని పెద్దగా ఉండదు.

ఇక బట్టలు. చిన్నపిల్లలకు కాటన్ పంజాబీ డ్రెస్ చాలు. టాప్ మోకాలి దాకా, పక్కన చీలిక కాస్త పైకి ఉండాలి. చీలిక లేకపోతే అరమండిలో మోకాళ్లు తెరుచుకోవు, పిల్ల బట్టతోనే కుస్తీ పడుతుంది. లెగ్గింగ్స్ కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ముందే అడగండి. ప్యాంటు మాత్రం చీలమండ దగ్గర ఆగాలి, మడమ కిందకు వచ్చిందా, జారి పడటం ఖాయం. మగపిల్లలకు కుర్తా పైజమా, నడుముకు బిగించి కట్టిన చున్నీ. పెద్దపిల్లలు ప్రాక్టీస్ చీర కడతారు. అది మామూలు చీరకంటే పొట్టిది, పైజమా మీద కుచ్చిళ్లు పోసి, పిక్కల మధ్యకు వచ్చేలా కట్టి, పైట నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపాలి. మొదటి ఏడాదిలో దాని జోలికి పోనక్కర్లేదు.

చున్నీ దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. నేను నేర్చుకునే రోజుల్లో ఒకసారి పండక్కి కొన్న జార్జెట్ చున్నీ వేసుకుని వెళ్లాను. అందంగా ఉందని మురిసిపోయాను. మూడో అడవుకల్లా (అడవు అంటే తాళానికి వేసే అడుగుల వరస) ముడి జారి, ఒక కొస కాలి కింద పడి, నేను ముందున్న అమ్మాయి వీపు మీద పడ్డాను. ఆ రోజు గురువుగారు నన్నేమీ అనలేదు. తన పాత కాటన్ చున్నీ ఒకటి తెచ్చి, తనే కట్టి పంపారు. నాకు ఇప్పటికీ చేతికి వచ్చే పద్ధతి అదే.

రెండున్నర గజాల కాటన్ చున్నీ తీసుకోండి. పొడవునా మడిచి జానెడు వెడల్పుకు తెండి. సరిగ్గా మధ్యభాగం ఎడమ భుజం మీద ఉంచండి. ఒక కొస గుండె మీదుగా ఏటవాలుగా కుడి నడుముకు రావాలి, రెండోది వీపు మీదుగా అదే చోటికి. పిల్లను ఊపిరి పీల్చి నిలబడమని చెప్పి, అప్పుడు ముడి వేయండి, లేకపోతే నాలుగు గెంతులకే బిగుసుకుపోయిందని ఏడుస్తుంది. ముడి పొట్ట మీదకు రాకూడదు, తుంటి ఎముకకు కాస్త వెనగ్గా ఉండాలి. మిగిలిన కొసలు వేలాడనివ్వకుండా లోపలికి దోపేయండి. భుజం మీద ఒక్కటే పిన్ను, అదీ లోపలివైపు నుంచి, పైకి కనబడకుండా. పిన్నులు ఎక్కువైతే ఎక్కడో ఒకటి ఊడి నేల మీద పడుతుంది, అది ఎవరి పాదానికో తగులుతుంది.

కట్టాక పరీక్ష. అరమండిలో దిగాలి, రెండు చేతులూ భుజాల ఎత్తులో చాపాలి, కుడికోసారి ఎడమకోసారి వంగాలి, పది గెంతులు గెంతాలి. అప్పటికీ చున్నీ ఉన్నచోటే ఉంటే ముడి కుదిరినట్టు.

జుట్టుకు ఒక్కటే జడ, గట్టిగా అల్లి, కొసకు రబ్బరు బ్యాండు. పొడుగు జడైతే చుట్టి ముడేయండి లేదా నడుం దగ్గర చున్నీలోకి దోపండి. గిర్రున తిరిగినప్పుడు జడ పక్కపిల్ల కంట్లో కొట్టడం నేను చూశాను. జడ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కూచిపూడిలో దానికి పెద్ద కథే ఉంది. సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకునే భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ తెరవెనక నుంచి ముందు తన జడను తెరమీద వేసేది. నన్ను ఓడించగలవాళ్లెవరైనా ఉంటే రండి అన్న సవాలు అది. ఆ జడ వేసుకున్నది తరతరాల పాటు మగవాళ్లే. సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మగారి పేరు ఇవాళ్టికీ చెప్పుకుంటారు. పిల్లలకు ఈ ముక్క చెప్పి చూడండి, జడ వేయించుకోవడానికి మారాం చేయరు.

పట్టీలు, గాజులు, వేలాడే లోలాకులు తీసి వెళ్లాలి. కాలిగోళ్లు కత్తిరించాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, పాదం కొట్టినప్పుడు ముందు విరిగేది బొటనవేలి గోరే. బొట్టు పెట్టుకోవడం చాలా క్లాసుల్లో ఆనవాయితీ.

గజ్జెలు ఇప్పుడే కొనకండి. అడవులు కుదిరాక, గజ్జెపూజ చేసి గురువే కట్టిస్తారు. అభినయదర్పణం అనే పాత నాట్యగ్రంథం గజ్జెలను కంచుతో చేయించమంటుంది. నీలి దారానికి గట్టి ముళ్లతో గుచ్చి, ఒక్కో కాలికి నూరో, రెండు నూర్లో కట్టమంటుంది. ఇప్పుడు చాలామంది తోలు పట్టీ మీద వరసలుగా కుట్టినవి వాడుతున్నారు. ఎవరివైనా గజ్జెలు నేలమీద ఉంటే దాటకూడదు, కాలితో జరపకూడదు. కట్టుకునే ముందు కళ్లకద్దుకుంటారు. గురువుకు కనబడాలి, వినబడాలి అని నేను పైన చెప్పిన కారణం దీనికి పనిచేయదు. ఇది భక్తి. అంతే.

ఇప్పుడు గుమ్మం దగ్గరకు వద్దాం. పది నిమిషాలు ముందే చేరండి. చెప్పులు బయట, వరసలో. లోపలికి వెళ్లగానే గురువుకు నమస్కారం, పాఠం మొదలయ్యేటప్పుడు భూమికి నమస్కారం. దాని తీరు ఒక్కో గురువు దగ్గర ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఇక్కడ నేర్పను. అర్థం మాత్రం పిల్లకు చెప్పండి. ఇంకాసేపట్లో ఈ నేలను పాదాలతో కొట్టబోతున్నాం, ఏమనుకోకు తల్లీ అని అడగటం. క్లాసు అయ్యాక కూడా ఇదే నమస్కారం మళ్లీ చేస్తారు.

ఆలస్యమైతే ఏం చేయాలి? పిల్లలకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. తాళం నడుస్తున్నప్పుడు లోపలికి దూరకూడదు. గుమ్మం పక్కన నిలబడి, నడుస్తున్న అడవు ముగిసేదాకా చూడాలి. కర్ర ఆగాక లోపలికి వెళ్లి, నమస్కారం పెట్టి, “ఆలస్యమైంది మేడం” అనేసి వెనక వరసలో చేరాలి. బస్సు కథ, ట్రాఫిక్ కథ అక్కర్లేదు, అడిగితే చెప్పొచ్చు.

గురువు పక్కపిల్లను దిద్దుతున్నప్పుడు కబుర్లు వద్దు. ఆ దిద్దుబాటు నీకూ వర్తిస్తుందేమో చూసుకో. కూర్చునేటప్పుడు గురువు వైపు కాళ్లు చాపొద్దు. మంచినీళ్లకో బాత్రూంకో వెళ్లాలంటే అడిగి వెళ్లు, అడగడానికి సిగ్గుపడొద్దు. నొప్పి వేరు, అలసట వేరు. తొడలు మండితే అది అలసట, ఓర్చుకోవచ్చు. మోకాలి లోపల పోటు వస్తే వెంటనే ఆగి చెప్పాలి. ఇది చెప్పడం అమర్యాద కాదు.

ఇంకో మాట కూడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. మోచేయి ఎత్తడానికి, భుజం వెనక్కి నెట్టడానికి గురువు చేయి వేయడం ఈ చదువులో మామూలే. కానీ ఏ తాకిడి అయినా ఇబ్బందిగా అనిపిస్తే వద్దని అక్కడే అనొచ్చు, ఇంటికొచ్చి చెప్పొచ్చు. మర్యాద పేరుతో ఆ నోరు నొక్కకండి.

అమ్మానాన్నలకూ కాసిని నియమాలున్నాయి. బెంచీ మీద కూర్చుని “చేయి ఎత్తు, చేయి ఎత్తు” అని సైగలు చేయకండి, పిల్ల చూపు మీ మీదే ఉంటుంది. ఫోన్‌లో వీడియో తీయాలంటే గురువును అడగండి, అందులో వేరేవాళ్ల పిల్లలూ ఉంటారు. క్లాసుకు గంటన్నర ముందే తినిపించేయండి. నిండు పొట్టతో గెంతితే ఏమవుతుందో నేను రాయను.

ఈ వారం ఇంటిపని: చున్నీ పరీక్ష మూడు రోజులు చేయండి. ముడి జారితే ఏ కదలికలో జారిందో పుస్తకంలో రాసుకోండి. మూడో రోజు పిల్లనే కట్టుకోమనండి, మీరు పిన్ను ఒక్కటే పెట్టండి. వచ్చే పాఠంలో తకిట, తకధిమి చేత్తో వేసి, తర్వాత పాదంలోకి దించుదాం. దానికి అరమండి ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలవాలి, కాబట్టి గోడ దగ్గర సాధన ఆపొద్దు.