పాత యుద్ధవిమానానికి అసలు గుర్తులు తిరిగి వేయడం: రాయలసీమ ఎండలో పని చేసేవాళ్లకు

కాలేజీ గేటు ముందో, పార్కులోనో దిమ్మె మీద నిలబెట్టిన పాత విమానానికి రంగు వెలిసిపోతే మామూలుగా ఒక పెయింటర్‌ను పిలుస్తారు. అతను జెండా రంగులు గుర్తుంచుకుని మూడు వలయాలు వేస్తాడు, తోక మీద మూడు పట్టీలు వేస్తాడు, నంబరు తీర్చిదిద్ది రాస్తాడు. పని శుభ్రంగానే కనిపిస్తుంది. ఆ విమానం మాత్రం సర్వీసులో ఏ రోజూ అలా లేదు. ఎక్కువగా కనిపించే తప్పులు రెండు. ఒకటి, రౌండెల్ (వాయుసేన గుర్తుగా వేసే ఆ మూడు వలయాలు) తిరగబడటం. జెండాలో కాషాయం పైన ఉంటుంది కాబట్టి వలయంలో బయట ఉండాలనుకుంటారు. భారత వాయుసేన రౌండెల్‌లో కాషాయం నడిమధ్య, తెలుపు దాని చుట్టూ, ఆకుపచ్చ అన్నిటికీ బయట. రెండోది తోక పట్టీ. ఇప్పటి పద్ధతిలో కాషాయం ముక్కు వైపు ఉంటుంది. అంటే ఎడమ పక్కన ఎడమ నుంచి కుడికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. కుడి పక్కన చూస్తే ఆకుపచ్చ, తెలుపు, కాషాయం. ఒకే స్టెన్సిల్‌ను తిప్పకుండా రెండు పక్కలా వాడితే ఒక పక్క తప్పడం ఖాయం.

ముందు ఒక విమానం, ఒక తేదీ

"మిగ్-21 గుర్తులు" అని విడిగా ఏమీ లేవు. 1963లో వచ్చి 2025 సెప్టెంబర్ 26న సేవ ముగించేదాకా ఆ విమానాలు వెండి రంగులో ఉన్నాయి, పచ్చ మచ్చలతో ఉన్నాయి, బూడిద రంగులో ఉన్నాయి. అందుకే ఏ నంబరు విమానం, ఏ సంవత్సరం అన్నది ముందు కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత వలయం సైజు దగ్గర నుంచి చిన్న హెచ్చరిక అక్షరం దాకా ప్రతిదీ ఆ తేదీకే కట్టుబడి ఉండాలి.

కాలాన్ని బట్టి గుర్తు మొత్తంగా మారిపోతుంది. 1933లో మొదటి స్క్వాడ్రన్ పుట్టినప్పుడు మన విమానాల మీద బ్రిటిష్ ఎరుపు, తెలుపు, నీలం వలయాలే. జపాన్ విమానాల మీది ఎర్ర బింబంతో పొరపాటు పడకూడదని రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇటువైపు ఎరుపు తీసేశారు. ముదురు నీలం లోపల లేత నీలం మిగిలింది. ఆ వలయం చాలా చిన్నది, ఫైటర్ విమానాల మీద 16 అంగుళాలు. స్వాతంత్ర్యం తర్వాత కొద్దికాలం అశోక చక్రం, 1950 నుంచి ఇప్పటి మూడు రంగులు.

వేరే విమానం నంబరు వేయడం తప్పేమీ కాదు, తెలిసి వేస్తే. 2018లో వాయుసేనకు చేరిన డకోటా రవాణా విమానం 'పరశురామ'కు వీపీ 905 అని రాశారు. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కు సైనికులను మోసుకెళ్లిన డకోటా నంబరు అది. అలా చేసినప్పుడు పక్కన పెట్టే పలక మీద ఆ సంగతి రాయాలి. వాయుసేన కేటాయించిన విమానమైతే కేటాయింపు ఉత్తరంలోని షరతులు చదివి, నంబరు మార్చేముందు రాతపూర్వకంగా అడగండి.

నలుపు తెలుపు ఫొటోలతో జాగ్రత్త. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు, నారింజ రంగులు సరిగా అందవు. వాటిలో కాషాయం దాదాపు నల్లగా, నీలం తెల్లబారి కనిపిస్తాయి. నలుపు గాఢతను చూసి రంగు తేల్చకండి. అయితే కొలతకు ఆ ఫొటోలే బంగారం. వలయం అంచు ఏ రివెట్ వరుసను తాకుతోంది, నంబరు మొదటి అక్షరం ఏ ప్యానెల్ గీత దగ్గర మొదలవుతోంది అన్నవి చూసి రాసుకోండి.

పాత రంగు చెరిపేముందు

మీ దగ్గర ఉన్న అతి పెద్ద ఆధారం ఆ రేకు మీదే, ఇప్పటి పెయింట్ కింద ఉంది. చీకటి పడ్డాక టార్చిలైటును రేకుకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. పాత అక్షరాల అంచులు గట్లలా తేలతాయి. కనిపించిన అంచు మీద పారదర్శక పాలిథిన్ షీటు అతికించి, రివెట్లతో సహా ట్రేస్ తీసుకోండి. తర్వాత రౌండెల్ ఉన్న చోట అరచేతి వెడల్పు మేర 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000తో తడి చేస్తూ రుద్దితే పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. ఏ రంగు మీద ఏ రంగు వేశారో వరుస అక్కడే తెలుస్తుంది. ఆ ముక్కను స్కేలు పక్కన పెట్టి, నీడలో ఫొటో తీయండి.

పొడిగా రుద్దవద్దు. అడుగున ఆకుపచ్చ కలిసిన పసుపు ప్రైమర్ ఉంటే అది జింక్ క్రోమేట్. దాని పొడి క్యాన్సర్ కారకం. తడిగా రుద్ది, మాస్కు వేసుకుని, వచ్చిన బురదను గుడ్డతో ఎత్తి విడిగా సంచిలో కట్టాలి, మట్టిలోకి కడగకూడదు. కాక్‌పిట్‌లో చేయి పెట్టేముందు ఎజెక్షన్ సీటు మందుగుండు తీసేసినట్టు ధ్రువీకరణ కాగితం చూడండి.

అల్యూమినియం మీద ఇనుప బ్రష్షు, కాస్టిక్ సోడా వాడకండి. పెన్సిల్‌తో గీయకండి. గ్రాఫైట్ తగిలిన చోట తేమ చేరితే అల్యూమినియం తుప్పు పడుతుంది, గీసిన గీతే గాడి అవుతుంది. తడిగుడ్డకు పోయే పెన్ను చాలు. గుంటలు కనిపించాయని మందపాటి సర్ఫేసర్ కొట్టకండి. మంగంపేటలో తవ్వే ముగ్గురాయి లాంటి పూరకాలు దట్టించిన ఆ పొర రివెట్ తలలను పూడ్చేస్తుంది. విమానం సిమెంటు బొమ్మలా తయారవుతుంది.

వలయం గీయడం

కంపాస్ మేకు కోసం రేకుకు రంధ్రం చేయకూడదు. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్కను రెండువైపులా అంటే టేపుతో కేంద్రం దగ్గర అతికించి, మేకు దాని మీద నిలపండి. కంపాస్‌కు మీటరు పొడవు అల్యూమినియం పట్టీ చాలు. 1947 తర్వాతి బ్రిటిష్ రౌండెల్ వ్యాసాల నిష్పత్తి 1:2:3. మన మూడు రంగుల వలయం కూడా ఫొటోల్లో అదే పోలికలో కనిపిస్తుంది, కానీ మీ విమానం మీది ట్రేస్‌దే చివరి మాట. 900 మిల్లీమీటర్ల వలయానికి ఆ లెక్కన వ్యాసార్థాలు 150, 300, 450.

విమానం ఒడలు గుండ్రంగా ఉన్న చోట చాలామంది తడబడతారు. 600 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న ఒడలు మీద 900 వలయాన్ని చర్మం వెంబడి కొలిచి గీస్తే, పక్కనుంచి చూసేవాళ్లకు ఎత్తు సుమారు 818 మాత్రమే కనిపిస్తుంది. అదే పక్కనుంచి నిండు గుండ్రంగా కనబడాలంటే పైనుంచి కిందికి చర్మం మీద 1018 దాకా సాగదీయాలి. కోలగా ఉందని కంగారుపడి సరిచేయకండి. స్టెన్సిల్‌ను రేకుకు చుట్టి వేసినవి సహజంగా కోలగానే కనిపిస్తాయి. అసలు ఎలా వేశారో ఫొటోలోని రివెట్ వరుసే చెబుతుంది.

నంబరు గీత నేలకు సమాంతరంగా పట్టవద్దు. దిమ్మె మీద విమానాన్ని ఎత్తిపెట్టిన కోణం మేస్త్రీ ఇష్టం. తోకచక్రం విమానమైతే తోక కిందికే ఉంటుంది. ఒడలు పొడవునా సాగే రివెట్ వరుసే ఆధారం. దాని నుంచి రెండు చివర్లా ఒకే దూరం కొలిచి దారం లాగండి.

అక్షరాలు

యుద్ధకాలపు బ్రిటిష్ పద్ధతి నంబర్లు 8 అంగుళాల ఎత్తు, 5 అంగుళాల వెడల్పు, 1 అంగుళం గీత మందం. ఒక్కో అంగుళం గళ్లు గీసిన కాగితం మీద వాటిని కట్టుకోవచ్చు. తర్వాతి కాలపు మిగ్-21 సీరియల్‌కు ముందు 'సి' అక్షరం వస్తుంది. దాని వంపు కంప్యూటర్ ఫాంటుల్లో దొరకదు. ట్రేస్ తీసినదాన్నే స్కాన్ చేసి, గీతలు సరిదిద్దండి.

కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడైనా రేడియం స్టిక్కర్ల షాపులో కటింగ్ ప్లాటర్ ఉంటుంది. అక్కడ గుర్తునే స్టిక్కర్‌గా కోయించి అంటించవద్దు. రివెట్ల మీద అది డేరాలా లేచి నిలుస్తుంది, ఎండకు అంచులు ముడుచుకుంటాయి. కోయించవలసింది మాస్కు మాత్రమే, అదీ తక్కువ జిగురున్న మాస్కింగ్ వినైల్‌తో. మామూలు వినైల్ వేడి రేకు మీద రెండు గంటలు ఉంటే జిగురు అక్కడే మిగిలిపోతుంది. చేత్తో కోసేవాళ్లకు నున్నటి కడప బండ మంచి బల్ల: చదునుగా ఉంటుంది, బ్లేడు దారి తప్పదు.

మన బోర్డు పెయింటర్ల చేయి చాలా గట్టిది. అందుకే అక్షరానికి తెలియకుండానే ఒక సొగసు చేర్చేస్తారు. స్టెన్సిల్ గీత దాటవద్దని ముందే చెప్పండి. అడుగు పెట్టరాదు లాంటి చిన్న హెచ్చరికలకు సిల్క్ స్క్రీన్ చేయించడం మేలు. ఎజెక్షన్ సీటు దగ్గరి ఎర్ర త్రికోణం మరచిపోకండి.

రంగు వేసే రోజు

రామగిరి గాలిమరలను తిప్పే గాలే జూన్ నుంచి ఆగస్టు దాకా ఎర్రమట్టిని తెచ్చి తడి పెయింట్ మీద పోస్తుంది. ఆ నెలల్లో ఆరుబయట పని పెట్టుకోవద్దు. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం, మంచు ఆరాక తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా. వేసవిలో తప్పకపోతే ఉదయం ఆరు నుంచి తొమ్మిదిలోపే. అరచెయ్యి రేకు మీద ఆనించి పది లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే ఆ పూటకు ఆపేయాలి. వేడి రేకు మీద పెయింట్ పడేలోపే ఆరిపోయి ఇసుక అద్దినట్టు గరుకు తేలుతుంది. బేతంచెర్ల, యర్రగుంట్ల చుట్టుపక్కలైతే రాతిపొడి, సిమెంటు దుమ్ము ఉంటాయి. షీట్లతో మూడు వైపులా కట్టి, నేల తడిపి మొదలుపెట్టండి.

ఆరు వలయాలకు (ఒడలు మీద రెండు, రెక్కల పైన రెండు, కింద రెండు) 900 మిల్లీమీటర్ల లెక్కన తెలుపు 2 లీటర్లు, ఆకుపచ్చ లీటరు, కాషాయం అర లీటరు. గాలికి పోయేది ఇందులో కలిపే ఉంది.

మొదట మొత్తం వలయానికి తెలుపు. కాషాయం పలచని రంగు. బూడిద రంగు మీద నేరుగా వేస్తే ఇటుకలా మసకబారుతుంది. తెలుపు ఒక రాత్రి ఆరాక 3 మిల్లీమీటర్ల ఫైన్‌లైన్ టేపుతో వంపు తిప్పి, దాని వెనక కాగితం టేపు వేయండి. టేపు అంచును గోటితో కాదు, గుడ్డ చుట్టిన వేలితో నొక్కాలి. రివెట్ల దగ్గర మరీ గట్టిగా. ఆపై అదే తెలుపును పలచగా అంచు మీద ఒక్కసారి కొట్టండి. టేపు కిందికి కారాల్సిందేదైనా తెలుపే కారుతుంది, తర్వాతి రంగుకు దారి మూసుకుపోతుంది. ఇప్పుడు కాషాయం, అది ఆరి మాస్కు మార్చాక ఆకుపచ్చ.

రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) పెయింట్ అయితే హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఉన్నదే. థిన్నర్ మాత్రం నెమ్మదిగా ఆరేది అడగండి. ఎండాకాలం గిన్నెలో కలిపింది త్వరగా గట్టిపడుతుంది కాబట్టి అర లీటరుకు మించి ఒకసారి కలపవద్దు. గన్ను ముక్కు 1.3 మిల్లీమీటర్లు, దూరం ఒక జాన, రెండు పలచని కోట్లు, మధ్యలో పదిహేను నిమిషాలు. హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఆవిరి ఆస్తమా తెప్పిస్తుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. గాలి గొట్టం మాస్కు లేకపోతే సింథటిక్ ఎనామెల్‌ను బ్రష్‌తో వేయండి. యుద్ధకాలపు విమానాల మీద చాలా గుర్తులు బ్రష్‌తో వేసినవే, గీత మీద కొంచెం చేతి వణుకు ఉంటే అది అసలుకే దగ్గర.

టేపును పెయింట్ మెత్తగా ఉండగానే, అరగంట, ముప్పావుగంట మధ్య, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. మర్నాడు లాగితే అంచు చిప్స్‌లా విరుగుతుంది.

ఎగిరే విమానమైతే చుక్కాని, ఐలెరాన్‌ల (రెక్కల వెనక అంచున కదిలే పలకల) మీద పొర మందం పెరిగితే బరువు సమతూకం తప్పి, గాలిలో అదిరే ప్రమాదం ఉంది. పెయింట్ తర్వాత వాటి బ్యాలెన్స్ ఇంజినీరుతో మళ్లీ చూపించాలి. బట్ట చుట్టిన భాగాలకు ఆ బట్టకు చెప్పిన డోప్ (బట్టను బిగించే లక్కలాంటి పూత) తప్ప వేరే పెయింట్ వేయకండి.

మూడు రంగుల్లో ముందుగా వెలిసేది కాషాయమే. అందుకని పని జరిగే రోజే అదే గన్నుతో, అదే కోట్లతో జానెడు అల్యూమినియం పలక మీద మూడు రంగులూ వేసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. వెనక తేదీ, కంపెనీ పేరు, షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు, కలిపిన నిష్పత్తి రాయండి. ట్రేస్ తీసిన పాలిథిన్ షీట్లను కూడా చుట్టి దాని పక్కనే ఉంచండి. మడత పెడితే గీతలు పెచ్చులూడతాయి.