పెద్ద ట్రౌట్ తప్పించుకు పోయిందా? ముందు దారం కొస చూడండి

తిరుపతిలో ఉండి ట్రౌట్ గురించి రాస్తున్నానంటే చాలామంది ఆశ్చర్యపోతారు. నిజమే, ఆ చేప మన దగ్గర బతకదు. దానికి చల్లగా పారే నీళ్ళు కావాలి, నీటి వేడి 20 డిగ్రీలు దాటితేనే దానికి ఊపిరాడడం కష్టమవుతుంది, మన స్వర్ణముఖి సంగతి మీకు తెలిసిందే. మేం నలుగురు స్నేహితులం ఏటా ఒకసారి ఢిల్లీ దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ వైపు తీర్థన్ నదికి పోతాం. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లోంచి దిగి లార్జీ దగ్గర బియాస్‌లో కలిసే నది అది. ఈకలూ దారాలూ చుట్టి పురుగులా కట్టిన ఫ్లైతో అక్కడ బ్రౌన్ ట్రౌట్ పడతాం. మొదటి రెండేళ్ళలో నాకు తగిలిన పెద్ద చేపలు మూడు, మూడూ పోయాయి. మూడోది పోయిన రోజు రాత్రి అన్నం సహించలేదు.

ఊరికి వచ్చాక చంద్రగిరి పక్కన మా మామకు చెప్పుకున్నాను. ఆయన ట్రౌట్‌ను ఎప్పుడూ చూడలేదు గానీ చెరువులో కొర్రమీనుకు గాలం వేయడం నలభై ఏళ్ళుగా ఆయనకు అలవాటు.

"పోయినాక దారం కొస చూసినావా?" అన్నాడు.

"లేదు మామా, బాధలో అట్లే చుట్టేసినా."

"అదే చూడాల్సింది అబ్బోడా. ఏం జరిగిందో దాంట్లోనే ఉంటాది."

ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. చేప పోయిన వెంటనే ఏం తిరిగొచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో ముప్పాతిక వంతు తెలిసిపోతుంది. కింద రాసినవన్నీ అట్లా చూసి నేర్చుకున్నవే.

ఫ్లై లేదు, దారం కొస కాకర తీగ నులిలాగా చుట్టలు తిరిగి వచ్చింది

దారం తెగలేదు, ముడి జారిపోయింది. నా మొదటి చేప ఇట్లాగే పోయింది, కొత్తగా పట్టేవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా చూసిందీ ఇదే. తప్పు చేప బరువుది కాదు, ముడిది. సరిగ్గా బిగించని ముడి చిన్న చేపలకు ఓర్చుకుంటుంది, పెద్దది ఒక్కసారి గట్టిగా లాగేసరికి విడిపోతుంది.

మేం వాడేది ఇంప్రూవ్డ్ క్లించ్ ముడి. గాలం కంట్లోంచి దారం దూర్చి, అసలు దారం మీద 5 చుట్లు తిప్పి, కొసను కంటి దగ్గర ఏర్పడిన చిన్న సందులోంచి తీసి, పైన మిగిలిన పెద్ద ఉచ్చులోంచి మళ్ళీ దూర్చాలి. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. తప్పంతా బిగించేటప్పుడే. ఉమ్మితోనో నీళ్ళతోనో తడపకుండా చర్రున లాగితే నైలాన్ మీద నైలాన్ రాసుకుని వేడి పుడుతుంది, ఆ వేడికి దారం అక్కడే బలం పోగొట్టుకుంటుంది. తడిపి, మెల్లగా, ఒకే లాగుడుతో చివరిదాకా బిగించండి. తర్వాత కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. చుట్లు ఒకదాని పక్కన ఒకటి గాజుల్లాగా వరసగా కూర్చోవాలి. ఒక చుట్టు ఇంకోదాని మీదికి ఎక్కి ఉంటే, ఎంత గట్టిగా అనిపించినా సరే, కోసేసి మళ్ళీ కట్టండి. మిగిలిన తోకను ముడికి ఆనించి కోయకుండా 2 మిల్లీమీటర్లు వదలండి. పొద్దున్నే ఆ నీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోతాయి, ముడి చక్కగా పడదు, అందుకని నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెచ్చబడ్డాకే కడతాను.

ఫ్లై లేదు, దారం తిన్నగానే తెగి ఉంది

ఇప్పుడు ఎక్కడ తెగిందో చూడాలి. మొత్తం పొడవు మిగిలి, కొసలోనే తెగితే ముడి దగ్గర బలహీనం, పైన చెప్పిందే కారణం. జానెడో మూరెడో పోయి, నడిమధ్యలో తెగితే అక్కడ గాలి ముడి పడి ఉంటుంది. రాడ్ విసిరేటప్పుడు దారం తన మీద తాను పడి తెలియకుండా పడే చిన్న ముడి అది. చూడ్డానికి ఆవగింజంత ఉంటుంది గానీ దారం బలాన్ని బాగా తినేస్తుంది. నాలుగైదు సార్లు విసిరాక ఒకసారి దారాన్ని వేళ్ళ మధ్య జార్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి, ముడి తగిలితే విప్పుతూ కూర్చోకుండా ఆ ముక్క మార్చేయండి.

కొస గరుగ్గా, పీచులాగా ఉంటే రాయికి రాసుకుంది. తీర్థన్ నిండా బండరాళ్ళే, పెద్ద చేప ముందు చేసే పని వాటి కిందికి దూరడం.

ఇవేవీ కాకపోతే దారమే సన్నం. టిప్పెట్ (ఫ్లై కట్టే సన్న కొస దారం) చుట్ట మీద ఉండే నంబరుకు ఒక లెక్క ఉంది: 11 లోంచి ఆ నంబరు తీసేస్తే వచ్చేది అంగుళంలో వెయ్యో వంతుల్లో దాని మందం. 5ఎక్స్ అంటే అంగుళంలో 6 వెయ్యో వంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. 4ఎక్స్ 0.18, 3ఎక్స్ 0.20. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుందన్న మాట, మొదట్లో నేను దీన్ని తలకిందులుగా అనుకున్నాను. వాన పడి నీళ్ళు కాస్త మసకబారితే 3ఎక్స్ కట్టినా చేపకు అనుమానం రాదు. నిరుడు కొన్న నైలాన్ చుట్టను ఎండలో వదిలేసి ఉంటే మాత్రం దాన్ని నమ్మొద్దు, ఎండ నైలాన్‌ను తినేస్తుంది.

తగిలిన రెండు సెకన్లలోనే తెగింది

ఇది చేతి తప్పు. చేప తగలగానే ఉద్వేగంలో దారాన్ని గుప్పిట్లో బిగించేస్తాం, అదే క్షణంలో అది పరుగు తీస్తుంది. మొదటి పరుగును ఆపకూడదు, వదలాలి. చేతిలో ఉన్న దారం వేళ్ళ సందుల్లోంచి జారనివ్వండి, అయిపోయాక రీల్ తనంతట తాను తిరగనివ్వండి. రీల్ డ్రాగ్‌ను, అంటే చుట్ట తిరగకుండా పట్టే బిగువును, ముందే తక్కువలో పెట్టుకోవాలి, చేప ఉన్నప్పుడు తిప్పుకుంటూ కూర్చుంటే పని చెడుతుంది.

ఇంకో తప్పు రాడ్‌ను చేప వైపు చాపడం. రాడ్ వంగితేనే అది స్ప్రింగులా దెబ్బను ఓర్చుకుంటుంది, దారం వరసలోనే రాడ్ కూడా తిన్నగా ఉంటే బరువంతా దారం మీదే పడుతుంది. అట్లాగని ఆకాశంలోకి ఎత్తి పట్టుకుంటే చాలనుకోకండి. దీని కోసం ఒక సాయంత్రం మా మేడ మీద, కూరగాయల వాళ్ళు వాడే కొక్కెం కాటాకు దారం కట్టి, కాటాను పిట్టగోడ కడ్డీకి తగిలించి లాగి చూశాను. మా తమ్ముడు ముల్లు చూసి చెప్తున్నాడు. రాడ్ నిటారుగా ఎత్తి చేతులు నొప్పెట్టేలా లాగుతుంటే "అర కిలో కూడా రాలేదన్నా" అన్నాడు. రాడ్‌ను నడుము ఎత్తుకు దించి పక్కకు వంచి, అడుగు భాగం దాకా వంగేలా లాగాను, కిలో దగ్గరికి పోయింది, దారం తెగలేదు. అంటే నేను నదిలో ఎంతో బలం పెడుతున్నాననుకుని ఏమీ పెట్టడం లేదు. అట్లా పది నిమిషాలు సాగదీస్తే గాలం పట్టు వదులవుతుంది, చేప కూడా అలసి సొమ్మసిల్లిపోతుంది. చేప ఎటు పోతోందో దానికి ఎదురు పక్కకు రాడ్‌ను వంచండి, అది కుడికి తిరిగితే మీరు ఎడమకు మార్చండి. పెద్ద చేపను తొందరగా ఒడ్డుకు తెచ్చేది ఈ పక్క లాగుడే.

గాల్లోకి ఎగిరినప్పుడు ఒక్కటి మాత్రం వేరు: రాడ్ కొసను వెంటనే దాని వైపు దించండి. బిగువుగా ఉన్న దారం మీద చేప పడితే తెగుతుంది.

ఫ్లై భద్రంగా తిరిగొచ్చింది, చేప లేదు

ముందు గాలం మొనను బొటనవేలి గోరు మీద ఆనించి జార్చండి. గీసుకుని ఆగితే పదును ఉంది, జారిపోతే లేదు. రాయికి ఒక్కసారి తగిలినా మొన వంగుతుంది. వంపు తెరుచుకుని ఉంటే ఆ గాలం పారేయండి, మళ్ళీ వంచి వాడొద్దు.

గాలం బాగానే ఉంటే మీరు ఎక్కడ నిలబడ్డారో గుర్తు తెచ్చుకోండి. ట్రౌట్ ఎప్పుడూ ఏటికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది. మీరు దాని వెనక, కింది వైపు ఉండి రాడ్ ఎత్తితే గాలం దవడ మూలలోకి దిగుతుంది. మీరు పై వైపు ఉండి వెంటనే లాగితే నోట్లోంచి తిన్నగా బయటికి వచ్చేస్తుంది. పై నుంచి వేసినప్పుడు చేప అందుకుని తిరిగేదాకా ఓపిక పట్టండి. నా రెండో చేప ఇట్లా పోయింది.

దారం సడలినా ఊడుతుంది, ముఖ్యంగా చేప మన వైపే దూసుకొస్తున్నప్పుడు. అప్పుడు రీల్ తిప్పే తీరిక ఉండదు, చేత్తోనే గబగబా లాక్కోండి. ఊడుతుందన్న భయంతో గాలం మొన వెనక ఉండే ఎదురు ముల్లును మాత్రం నమ్ముకోకండి. మేం దాన్ని పటకారుతో నొక్కేస్తాం, చేపకు గాయం తక్కువ, వదిలేటప్పుడు ఒక్క తిప్పుతో వచ్చేస్తుంది.

చేప కింది వైపు పోయి తిరిగి రాలేదు

నిలబడిన చోటే ఉండి పైకి లాగితే చేప బరువుకు నీటి వేగం కూడా తోడవుతుంది. నడవండి. ఒడ్డెక్కి, చేపకు సమానంగానో ఇంకా కిందికో చేరండి. గాలం వేసే ముందే కింద దారి ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆ చోట పెద్ద చేపకు వేయనే కూడదు.

వల దాకా వచ్చి పోయింది

మూడోది. ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది, పసుపు పొట్ట, పక్కల్లో తెల్ల అంచున్న ఎర్ర చుక్కలు, మోకాలి లోతు నీళ్ళలో. నేను మరీ దగ్గరికి చుట్టేశాను, లీడర్‌నూ (టిప్పెట్‌కు పైన ఉండే నైలాన్ ముక్క) లావు దారాన్నీ కలిపే ముడి రాడ్ కొస రింగులోంచి లోపలికి వెళ్ళిపోయింది. వలను చూసి చేప చివరి పరుగు తీసింది, ముడి రింగుకు అడ్డం పడింది, అంతే. ఆ కలిసే చోటు రాడ్ కొసకు బయటే ఉండేలా ఆపండి. వలతో చేపను పొడవకండి, వలను నీళ్ళలో ముంచి కదలకుండా ఉంచి, చేప తల పైకి తేలాక దాని మీదికి జార్చండి. చేతులు తడుపుకుని పట్టుకోండి, తల ఏటికి ఎదురుగా పెట్టి, తనంతట తాను ఈదేదాకా ఆనించి ఉంచండి.

తీర్థన్‌కు పోయేవాళ్ళు అక్కడి మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం, గుడ్లు పెట్టే కాలం. ఇక్కడ సాధన చేయాలంటే మామూలు ఊరి చెరువు చాలు, జిలేబి చేప మీద కూడా చేయి అలవాటవుతుంది. చెరువు లీజుకు తీసుకున్నవాళ్ళను అడిగి వేయండి. కొండ మీదా కోనేర్లలోనూ ఆ ఆలోచనే వద్దు.

పోయిన చోటే వెంటనే మళ్ళీ విసరకండి, ఆ మడుగును కాసేపు వదిలేయండి. ఆ టైమ్‌లో కొస మూరెడు దారం వేళ్ళతో తడిమి, గరుకు తగిలినంత మేరా కోసి, తడిపి ముడి వేసుకోండి.