ఎండలు ముదరకముందే: ఓఆర్‌ఎస్ కొలత తప్పకండి

మాగాయ పెట్టే ఇళ్లలో ఇది ఏటా చూసేదే. చెక్కు తీసి కోసిన మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేస్తాం. చుక్క నీళ్లు పొయ్యం. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ముడుచుకుపోయి ఊటలో మునిగి ఉంటాయి. ఆ ఊటంతా ముక్కల్లోంచి వచ్చిందే. బయట ఉప్పు ఎక్కువైతే, కణాల్లోని నీళ్లు పొర దాటి ఉప్పున్న వైపుకి వచ్చేస్తాయి. బడిలో ద్రవాభిసరణం అని చదువుకున్నది ఇదే.

మన పేగుల్లోనూ ఇదే జరుగుతుంది. రోహిణి కార్తె రాకముందే ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలని నా తపన.

పోయిన మే నెలలో మా పక్కింటి అక్క మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. నేను వెళ్లేసరికి పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టులో సగం పొడి ఒక గ్లాసు నీళ్లలో వేసి స్పూనుతో తిప్పుతోంది.

“లీటరు వాడెక్కడ తాగుతాడు? కొంచెం చిక్కగా ఉంటే తొందరగా ఓపికొస్తుందని కలిపాను” అంది.

“అక్కా, అది పారబోసెయ్. చిక్కగా ఉంటే ఒంట్లో నీళ్లే పేగులోకి లాగేస్తుంది” అన్నాను.

లెక్క చూడండి. పెద్ద ప్యాకెట్టులో పొడి 20.5 గ్రాములు, లీటరు నీళ్లకి సరిపోయేది. అలా కలిపితే దాని గాఢత లీటరుకి 245 మిల్లీ ఆస్మోల్‌లు (నీళ్లలో కరిగిన కణికల లెక్క), మన రక్తానిది సుమారు 290. పేగులో ఉన్నది రక్తం కంటే పలచన కాబట్టి నీళ్లు పేగు నుంచి రక్తంలోకి వెళ్తాయి. అక్క కలిపిన గ్లాసులో గాఢత 600 దాటింది. అంటే పిల్లవాడి పేగు మాగాయ జాడీ అయినట్టే.

ఇక ఉప్పుతో పాటు గ్లూకోజు ఎందుకు? ఆక్సిజన్ లాంటివి విసరణతో, అంటే ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి, కణం చుట్టూ ఉండే పొర (కణత్వచం) గుండా వాటంతట అవే వెళ్లిపోతాయి. ఉప్పులోని సోడియం, గ్లూకోజు అలా వెళ్లలేవు. వాటికి పేగు గోడ కణాల్లో ఒక ఉమ్మడి ద్వారం ఉంది, రెండూ జంటగా వస్తే లోపలికి తీసుకుంటుంది. వాటి వెనకే నీళ్లు. విరేచనాలప్పుడు కూడా ఈ ద్వారం పనిచేస్తుంది. ఓఆర్‌ఎస్ ప్రాణం నిలబెట్టేది అందుకే.

కాబట్టి పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. 200 మి.లీ. చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, పిల్లలున్న ఇంటికి అవే మేలు. పైన పంచదార వెయ్యొద్దు, కలిపాక మరిగించొద్దు. 24 గంటలు దాటితే పారబొయ్యండి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకి తలకొట్టి కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

కూల్‌డ్రింకులు, తియ్యటి డబ్బా జ్యూసులు విరేచనాలప్పుడు ఇవ్వొద్దు. ఆ చక్కెర నీళ్లని పేగులోకి లాగి విరేచనాల్ని ఇంకా పెంచుతుంది. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడైన తియ్యటి పానీయాల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసుందో లేదో చూసుకోండి.

దీనికి రెండో వైపు ప్రమాదం కూడా ఉంది. ఎండలో గంటల తరబడి బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు చెమటతో ఉప్పు పోగొట్టుకుని, వట్టి నీళ్లే లీటర్లకి లీటర్లు తాగేస్తుంటారు. రక్తంలో సోడియం పడిపోతే నీళ్లు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. పుర్రెలో మెదడు ఉబ్బడానికి చోటెక్కడిది? తలనొప్పి, వాంతులు, తికమక మాటలు, ఆ తర్వాత ఫిట్స్. మధ్య మధ్యలో ఉప్పేసిన మజ్జిగో, నిమ్మకాయ నీళ్లో తాగించండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి ముందే డాక్టరుని అడగాలి.

మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పొయ్యకండి. నీడకి చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి.